95 దాటంగనే స్టీరింగ్ గజగజ, మూడుసార్లు బ్యాలెన్సింగ్ అయినా పోతలేదు

ఓరుగల్లు_ఆర్ఎస్
అన్నలందరికీ నమస్తే. నాది స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245, 2020 మోడల్, సెకండ్ హ్యాండ్‌ల తీస్కున్న, ఇప్పుడు 61 వేలు తిరిగింది. ఉండేది హన్మకొండ, వారానికోసారి హైదరాబాద్ పోయి రావాలె. మార్చి ఆఖరుల నాలుగు టైర్లు కొత్తవి ఏయించిన, కంపెనీ ఇచ్చిన సైజే, 225/40 ఆర్18. ఏయించినంక మంచిగనే ఉండె, ఓ పది పదిహేను రోజులకు మొదలైంది లొల్లి. మడికొండ దాటినంక రోడ్డు ఖాళీ దొరుకుతది కదా, 95 కాడ స్టీరింగ్‌ల సన్నగ వణుకు, 105కు వచ్చేసరికి మస్తు, కప్ హోల్డర్‌ల ఉన్న నీళ్ల సీసాల నీళ్లు కూడా వణుకుతయి, ఇంకా తొక్కితే 120 కాడ తగ్గుతది. 80 లోపల అస్సలు లేదు. ఇప్పటికి మూడు షాపులల్ల బ్యాలెన్సింగ్ చేయించిన, మూడింట్ల మెషిన్ 00, అంటే బరువు తేడా లేదని చూపెట్టింది, నా కండ్లతోటి చూసిన. అలైన్‌మెంట్ రెండుసార్లు. పైసలు పోతున్నయి, వణుకు పోతలేదు. ఎవరికన్నా గిట్ల అయిందా?

చాయ్_బిస్కెట్_506
రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు, నీ బండేమో చలికి వణుకుతుంది. దుప్పటి కప్పు అన్నా 😂

కాజీపేట_జంక్షన్
అలైన్‌మెంట్ 3డీ మెషిన్‌ల చేయించినవా లేక పాత దారం పద్ధతా? లో ప్రొఫైల్ టైర్లకు (గోడ పొట్టిగ ఉన్నయి) క్యాంబర్, అంటే చక్రం వాలు, జర తేడా ఉన్నా గిట్లనే అయితది. నా బండికి గూడ అలైన్‌మెంట్ చేయించినంకనే సెట్ అయింది.

మిషిన్_కాడి_మనిషి
కాజీపేట తమ్మీ, ఏమనుకోకు, అది తప్పు. అలైన్‌మెంట్ పోతే బండి ఒక దిక్కు గుంజుతది, టైరు ఒక అంచున అరుగుతది, స్టీరింగ్ వంకరగ ఉంటది. వణుకు రాదు. (టైరు మెట్లు మెట్లుగ అరిగినంక రావొచ్చు, అది వేరే ముచ్చట, ఈయన టైర్లు రెండు నెలలవి.) నీకు సెట్ అయింది ఎందుకంటే అలైన్‌మెంట్ తోటి ఆ షాపాయన బ్యాలెన్సింగ్ గూడ చేసి ఉంటడు, బిల్లు సూడు.

నేను కరీంనగర్‌ల 11 ఏండ్లు టైర్ షాపుల మెషిన్ మీద పని చేసిన, ఇప్పుడు వేరే పని. ఓరుగల్లు అన్నా, జర గివి చెప్పు. వణుకు స్టీరింగ్‌లనే ఉందా, సీటు కిందికెళ్లి గూడ వస్తుందా? 105ల పోతున్నప్పుడు న్యూట్రల్ చేస్తే ఉంటదా పోతదా? బ్రేక్ తొక్కితే పెరుగుతదా? ఇంకోటి, మెయిన్‌ది: కొత్త టైర్లు ఏసిన మొదటి పది రోజులు మంచిగ ఉండె అన్నవు. టైరుల తప్పు ఉంటే, వాళ్ల బ్యాలెన్సింగ్‌ల తప్పు ఉంటే మొదటి రోజు హైదరాబాద్ పోయినప్పుడే తెల్వాలె. మధ్యల ఏదో అయింది. ఏమైంది?

ఓరుగల్లు_ఆర్ఎస్
మధ్యల ఏం కాలే అన్నా, గుంతలల్ల గట్టిగ పడ్డట్టు గూడ యాదికి లేదు. ఈ ఆదివారం జనగామ దాంక పోయి నువ్వు చెప్పినవన్నీ చూస్త.

నల్లరేగడి
మాది పరకాల దిక్కు. మొదలు బండి లేపి రిమ్ము లోపలి దిక్కు చూడు బ్రో. నాకు పోయిన వానకాలం గిట్లనే స్టీరింగ్ ఊగుడు మొదలైంది, షాపుకు పోతే ఆ పిలగాడు చక్రం ఇప్పి చూసి నవ్విండు, లోపల నల్లమట్టి పెడ్డ ఎండి సిమెంట్ లెక్క అతుక్కుంది. గోకితే గుప్పెడు వచ్చింది, తూకం ఏస్తే 70 గ్రాములు ఉండొచ్చు. నీళ్ల పైపు కొట్టినంక బండి కొత్తగైంది, రూపాయి ఖర్చు లేదు. మన నల్లరేగడి సంగతి తెలుసు కదా, పట్టిందంటే ఇడ్వది.

రెండో_గేరు
నాది పోలో జీటీ. బయట కొన్న 17 ఇంచుల అల్లాయ్స్ ఏసిన సంది 90 కాడ వణుకు, ఏడాది భరించిన. ఆఖరుకు తెల్సింది ఏందంటే పోలో హబ్ (రిమ్ము నడుమ బొక్క కూసునే గుండ్రం) 57.1 మిల్లీమీటర్లు, ఆ అల్లాయ్ నడుమ బొక్క 73.1. కంపెనీ రిమ్ము హబ్ మీద టైట్‌గ కూసుంటది, నాది బోల్టుల మీదనే యాలాడుతుంది, బిగించినప్పుడల్ల ఓ ఇంత పక్కకు పోతది. 73.1 నుంచి 57.1 స్పిగాట్ రింగులు, అంటే ఆ సందు నింపే కడియాలు, తెప్పించి ఏసిన, నాలుగు కలిపి వెయ్యి రూపాయల లోపే, ఖతం. నీవి కంపెనీ అల్లాయ్సేనా? ఆక్టేవియా బోల్టుల కొలత (పీసీడీ) 5x112 కదా, కొందరు జర్మన్ లగ్జరీ బండ్ల రిమ్ములు తెచ్చి ఏస్తరు, పీసీడీ కలుస్తది గని అండ్ల చాలావాటికి బొక్క 66.6 ఉంటది.

ఓరుగల్లు_ఆర్ఎస్
కంపెనీవే బ్రో. బోల్టులు గూడ కంపెనీవే.

సెకండ్_లాంగ్వేజ్_ఫిజిక్స్
నేను ఇక్కడ కాలేజీలో ఫిజిక్స్ చెప్తానండి, మాది తెనాలి, వరంగల్ వచ్చి తొమ్మిదేళ్లయింది. కార్ల గురించి పెద్దగా తెలీదు గానీ "120 దగ్గర ఎందుకు తగ్గుతుంది" అన్నది నాకు ఆసక్తిగా అనిపించి లెక్క వేశాను. 225/40 ఆర్18 టైరు ఎత్తు సుమారు 637 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు 27.8 మీటర్లు, అంటే చక్రం సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగుతోంది. ఎక్కడైనా ఒక పక్క బరువు ఎక్కువుంటే సెకనుకు 14 గుద్దులు. ఇక చక్రం, హబ్, బ్రేకు అన్నీ కలిపి స్ప్రింగు కింద వేలాడే బరువుకి దాని సొంత ఊపు ఒకటుంటుంది, కార్లలో అది సాధారణంగా సెకనుకు 10 నుంచి 15 మధ్యలో. ఉయ్యాలని సరిగ్గా దాని ఊపుకి తగ్గట్టు తోస్తే చిన్నపిల్లాడు తోసినా పైకి లేస్తుంది కదా, అదే జరుగుతోంది. స్పీడు పెరిగితే గుద్దు బలం పెరుగుతుంది గానీ ఉయ్యాల తాళం తప్పుతుంది, అందుకే మీకు తగ్గినట్టు అనిపిస్తుంది. తగ్గింది మీ చేతికి, బేరింగుకి కాదు.

ఇంకో లెక్క. రిమ్ము అంచున 20 గ్రాములు తేడా ఉంటే 100 స్పీడులో అది సుమారు మూడున్నర కిలోల బలంతో లాగుతుంది. 140లో ఏడు కిలోలు. స్పీడు ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, బలం రెట్టింపయింది, ఎందుకంటే అది స్పీడు వర్గంతో పెరుగుతుంది. అన్నట్టు నాలుగు లైన్ల హైవే మీద కార్లకి 100 పరిమితి అని 2018 నోటిఫికేషన్‌లోనే ఉందండి, ఆ 120 సంగతి ఇక్కడ రాయకుండా ఉంటే మీకే మంచిది.

చాయ్_బిస్కెట్_506
సార్ మీరు ఇంటర్‌ల నాకు చెప్పి ఉంటే నేను పాస్ అయ్యేటోన్ని

ఓరుగల్లు_ఆర్ఎస్
సార్ దండం, 120 ఒక్కసారి పొరపాటున తాకింది అనుకోండ్రి 🙏

జనగామ పోయి వచ్చిన. రిపోర్ట్: వణుకు ఎక్కువ స్టీరింగ్‌లనే, సీటు కింద లేదు. న్యూట్రల్ చేస్తే గూడ అట్లనే ఉంది. నాలుగో గేరుల 100, ఆరో గేరుల 100, రెండిట్ల ఒక్కతీరే. బ్రేక్ తొక్కితే పెరుగుతలేదు. రిమ్ములు కడిగిన, మట్టి లేదు.

మిషిన్_కాడి_మనిషి
మంచిగ చేసినవ్. న్యూట్రల్‌ల ఉందంటే ఇంజిన్ కాదు, గేరు మారినా మారలేదంటే ఆర్‌పీఎం తోటి సంబంధం లేదు. యాక్సిలేటర్ తొక్కినప్పుడే వచ్చి ఇడిస్తే పోతే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ మీద అనుమానం పడాలె, అది గూడ కాదు. బ్రేక్‌కు పెరుగుతలేదంటే డిస్క్‌లు కావు. ఇగ మిగిలింది ముంగటి రెండు చక్రాలు.

ఇప్పుడు 00 ముచ్చట చెప్త, జర ఓపికగ చదువు. మెషిన్ 00 అన్నదంటే దాని షాఫ్ట్ మీద ఎక్కించిన తీరుకు బరువు సమానం అని. అంతే. నీ బండి హబ్ మీద సమానం అని కాదు. చాలా షాపులల్ల చక్రాన్ని షాఫ్ట్ నడుమకు పట్టే కోన్ బయటి దిక్కుకెళ్లి పెట్టి నట్టు తిప్పి బిగిస్తరు, రోజుకు 40 చక్రాలు ఎక్కించి ఎక్కించి ఆ కోన్ అరిగి ఉంటది, షాఫ్ట్ మీద దుమ్ము ఉంటది, చక్రం ఒక వెంట్రుక మందం పక్కకు కూసుంటది. అట్ల కూసున్నదానికి రిమ్ముకు బరువు ముక్కలు కొట్టి 00 తెస్తరు. బండికి ఎక్కించినంక చక్రం సక్కగ కూసుంటది, అప్పుడు ఆ కొట్టిన ముక్కలే ఎక్కువైతయి. మేం గూడ చేసినం గిట్ల, అబద్ధమెందుకు, దసరా ముందట గిరాకి ఉన్నప్పుడు ఎవడు చూసిండు.

పట్టుకునే ఉపాయం ఒకటుంది. 00 వచ్చినంక నట్టు లూజ్ చేపియ్యి, చక్రాన్ని షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి మల్ల బిగించి స్పిన్ చేయమను. మల్ల 00, లేకుంటే 5 గ్రాముల తేడా వస్తే ఆయన పని మంచిది. 15, 20 వచ్చిందంటే అది బ్యాలెన్సింగే కాదు, లేచి ఇంకో షాపుకు పో. అల్లాయ్‌కు కోన్ లోపలి దిక్కుకెళ్లి, అంటే హబ్ కూసునే దిక్కుకెళ్లి పెట్టాలె.

కని నాకు దీనికంటె రెండోదాని మీద ఎక్కువ అనుమానం. రిమ్ము బెండ్ అయినా మెషిన్ 00 చూపిస్తది. కోడిగుడ్డును గూడ బ్యాలెన్స్ చేయొచ్చు అన్నా, ముక్కలు కొడితే 00 వస్తది, ఉరికించినప్పుడే ఎగిరెగిరి పడుతది. మల్ల అడుగుతున్న, ఏప్రిల్‌ల ఏం తాకింది?

కాజీపేట_జంక్షన్
నేను తప్పు చెప్పిన అని ఒప్పుకుంటున్న, బిల్లు చూసిన, బ్యాలెన్సింగ్ 400 అని కింద రాసి ఉంది 😅 కని అలైన్‌మెంట్ గూడ అవసరమే కదా

మిషిన్_కాడి_మనిషి
అవసరమే తమ్మీ, వద్దని ఎవరన్నరు.

ఓరుగల్లు_ఆర్ఎస్
అన్నా... ఇప్పుడే మా ఆవిడను అడిగితే ఆమె యాది చేసింది. ఏప్రిల్‌ల పరకాల దిక్కు పెండ్లికి పోయి రాత్రి పదకొండింటికి వస్తున్నం, రోడ్డు సగం దాంక వడ్లు ఆరబోసిండ్రు, యాసంగి కోతలు కదా. కుప్ప మీదికి బండ్లు రాకుంట చుట్టూ రాళ్లు పెట్టిండ్రు. ఎదురుంగ లారీ హై బీమ్, నాకు ఏం కనవడలే, ఎడమ ముంగటి చక్రం రాయి మీదికి ఎక్కి దిగింది. టప్ అని సప్పుడు అయింది, దిగి ఫోన్ లైట్ ఏసి చూసిన, టైరుకు బుగ్గ రాలే, రిమ్ము బయట గీత గూడ లేదు, గాలి దిగలే, ఇగ మర్చిపోయిన. అది రాయి కాబట్టి "గుంతల పడ్డవా" అంటే గుర్తు రాలే.

నల్లరేగడి
మా ఊరోళ్ల రాయే అయ్యుంటది, మాఫ్ చెయ్యి. కల్లంల జాగ సాల్తలేదు బ్రో, కొనుగోలు సెంటర్‌ల తేమ 17 శాతం మించితే తీస్కోరు, రోడ్డు మీద పోస్తే రెండు రోజులల్ల ఆరుతయి, ఇంకేం చేస్తరు. రాత్రి రాళ్లకు ఓ తెల్ల సంచి అన్నా చుట్టమని చెప్తనే ఉంటం.

మిషిన్_కాడి_మనిషి
దొరికింది దొంగ. బయట గీత లేదంటే నమ్మకు, బెండ్ లోపలి అంచుకే వస్తది, బయటి దిక్కు స్పోక్‌లు ఉంటయి కాబట్టి గట్టి, లోపలి అంచుకు ఆసరా లేదు. 40 ప్రొఫైల్ టైరు గోడ ఎత్తు 9 సెంటీమీటర్లే, రాయికి రిమ్ముకు మధ్యల అంతకన్నా మెత్త ఏముంది.

ఇంటికాడ చూడొచ్చు. సమానమైన జాగల హ్యాండ్ బ్రేక్ ఏసి, ఎనుక చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్ చేసి ఎడమ ముంగటిది లేపు, జాకీ ఒక్కదాన్నే నమ్మకు, కింద స్టాండ్ పెట్టు. బండి కిందికి దూరకు. ఇటుకలు పేర్చి మీద స్క్రూడ్రైవర్ పెట్టి దాని కొన లోపలి రిమ్ము అంచుకు ఆనీ ఆననట్టు జరిపి చక్రం చేత్తోటి మెల్లగ తిప్పు. సందు ఒక్కతీరుగ ఉంటే రిమ్ము మంచిది, ఒక్కకాడ తాకి ఇంకోకాడ సందు కనవడితే బెండ్. మేం చూసే లెక్కల ఒట్టి రిమ్ము అర మిల్లీమీటర్, టైరు తోటి కలిపి ఒక మిల్లీమీటర్ దాంక నడుస్తది, అది దాటితే ఇసొంటి బండ్లల్ల చేతికి తెలుస్తది.

సెకండ్_లాంగ్వేజ్_ఫిజిక్స్
ముందు ఎడమ చక్రాన్ని వెనక్కి, వెనకది ముందుకి మార్చి ఒక రౌండు నడిపి చూడండి. వణుకు స్టీరింగ్ వదిలేసి సీటు కిందకొస్తే ఆ చక్రమే అని రుజువు. ప్రయోగానికి ఒక్క పక్కే మార్చాలి, రెండు పక్కలా ఒకేసారి మారిస్తే ఏది తేడా చేసిందో తెలీదు. టైర్ల మీద బాణం గుర్తు ఉంటే అదే పక్క ముందు వెనక మాత్రమే మార్చుకోవాలి.

ఎం_బ్యాడ్జ్_లేదు
హైదరాబాద్‌ల ఉంటా, మాది హుజూరాబాద్. నా బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కు రన్ ఫ్లాట్‌లు (గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు) ఉండె, గోడ గట్టిగ ఉంటది కదా, వణుకు ఇంకా మస్తు తెలుస్తది. నాకు రిమ్ములు నాలుగు మంచివే, బ్యాలెన్స్ మంచిదే, అయినా 110 కాడ వణుకు. ఆఖరుకు రోడ్ ఫోర్స్ మెషిన్ ఉన్న షాపుల చూపెట్టిన. అది మామూలు మెషిన్ లెక్క ఉత్తగ తిప్పదు, ఒక రోలర్ తెచ్చి టైరును రోడ్డు లెక్క ఒత్తుకుంట తిప్పుతది, టైరు గోడ ఒక్కకాడ గట్టిగ ఒక్కకాడ మెత్తగ ఉంటే పట్టేస్తది. ఒక టైరు గట్టిగ ఉన్న జాగను రిమ్ము లోతుగ ఉన్న జాగకు జరిపి ఏసిండ్రు, సగానికి తగ్గింది. కొత్త టైరు మీద ఎర్ర చుక్క, పసుపు చుక్క ఉంటయి చూసినవా, గవి గందుకే. పసుపు తేలికున్న జాగ, అది వాల్వ్ కాడికి రావాలె. ఎర్రది ఎత్తు జాగ. మన షాపులల్ల అడిగితే "అవి కంపెనీ సీల్ సార్" అన్నడు ఒకడు.

రెండో_గేరు
కంపెనీ సీల్ 🤣🤣 నాకు చెప్పిన్రు చుక్క ఉంటే సెకండ్స్ మాల్ అని

ఓరుగల్లు_ఆర్ఎస్
అప్‌డేట్. ముందు సార్ చెప్పినట్టు చక్రం ఎనుకకు మార్చిన, రఘునాథపల్లి దాంక పోయిన. స్టీరింగ్‌ల వణుకు చానా తగ్గింది, ఎనుక సీటుల మా తమ్మునికి మాత్రం "మసాజ్ కుర్చీ లెక్కుంది" అట. అదే చక్రం. ఇంటికొచ్చి ఇటుక స్క్రూడ్రైవర్ పెట్టి చూసిన, లోపలి అంచు ఒక్క జానెడు జాగల లోపలికి ఒరిగింది, కండ్లకే తెలుస్తుంది. మూడు షాపులు ఇప్పి ఎక్కించినయి, ఒక్కడు గూడ "అన్నా రిమ్ము బెండ్" అనలే, అది నాకు బాధ. మెషిన్ మీద తిరుగుతుంటే ఎదురుంగ నిలవడ్డోనికి కనవడదా?

కని స్టీరింగ్‌ల సన్నగ ఇంకా కొంచెం ఉంది, అది ఏందో.

మిషిన్_కాడి_మనిషి
కనవడుతది, చూస్తే. ఆ సన్నటిది ఇంకో చక్రానికి తప్పు బ్యాలెన్సింగ్ అయ్యుంటది, సగం చుట్టు తిప్పుడు చేపియ్యి. రిమ్ము బెండ్ తీపియ్యొచ్చు, గీత లెక్క పగులు ఉంటే మాత్రం వద్దు. పగులుకు వెల్డింగ్ పెట్టి "గ్యారంటీ" అని ఇచ్చేటోళ్లు ఉన్నరు, 100ల పోయే బండికి అది ఏసుకోకు, ఇంకో రిమ్ము కొనుక్కో. ఆ టైరు లోపల గూడ చేయి పెట్టి చూడమను, దారాలు తెగి ఉంటే బుగ్గ తర్వాతన్నా వస్తది. ఇంకోటి, హబ్ ముఖం మీద తుప్పు ఉంటే ఇనుప బ్రష్ తోటి రుద్దించు, ఓ చిన్న పెచ్చు నడుమ పడ్డా చక్రం ఓరగ కూసుంటది. బోల్టులు గన్ తోటి టర్ టర్ అని ఒక్కదాన్ని పట్టుకొని బిగించనియ్యకు, చేత్తోటి ఎదురెదురుగ బిగించి ఆఖరుకు టార్క్ రెంచ్. నీ బండికి 120 న్యూటన్ మీటర్లు. ఓ వంద కిలోమీటర్లు నడిపి మల్లోసారి చూడు.

కాజీపేట_జంక్షన్
నైట్రోజన్ కొట్టిస్తే ఏమన్న ఫాయిదా ఉంటదా దీనికి

మిషిన్_కాడి_మనిషి
లేదు.

ఓరుగల్లు_ఆర్ఎస్
ఫైనల్ అప్‌డేట్ అన్నలు. లేటైంది, డ్యూటీల పడి. హైదరాబాద్ పోయినప్పుడు రిమ్ముల పని చేసే ఒకాయన కాడికి పోయిన. డయల్ గేజ్ పెట్టి చూపెట్టిండు, లోపలి అంచు 1.9 మిల్లీమీటర్లు. పగులు లేదు, టైరు లోపల గూడ మంచిగనే ఉంది. బెండ్ తీసినంక 0.4కు వచ్చింది. 1,800 తీసుకున్నడు. ఆడనే నాలుగు చక్రాలు కోన్ లోపలి దిక్కుకెళ్లి పెట్టి బ్యాలెన్స్ చేయమన్న. చేసేముందు కుడి ముంగటిది, 00 అన్న చక్రం, ఎక్కించి తిప్పితే 20 గ్రాములు తేడా చూపెట్టింది! పాత ముక్కలు అన్నీ పీకిండు, ఒక్క చక్రానికే మూడు షాపులోళ్లవి తొమ్మిది ముక్కలు అతికి ఉన్నయి, ఒకదానికి ఎదురు ఒకటి. మొత్తం తీసినంక ఒక్క 15 గ్రాముల ముక్కతోటి 00 వచ్చింది, సగం చుట్టు తిప్పించిన, మల్ల 00. ఆయన నా దిక్కు చూసి "మీరు టైర్ షాపుల పని చేస్తరా సార్" అన్నడు 😎

హబ్‌లు రుద్దిచ్చిన, టార్క్ రెంచ్ తోటి బిగించిండు. వచ్చేటప్పుడు భువనగిరి దాటినంక క్రూయిజ్ కంట్రోల్ 98 పెట్టి స్టీరింగ్ మీద రెండు ఏళ్లు ఆనించి పట్టుకున్న, పెంబర్తి కమాన్ దాంక అట్లనే వచ్చిన. నీళ్ల సీసా కదలలే. మిషిన్ అన్నా, కరీంనగర్ వస్తే చాయ్ నాది. సార్, మీకు గూడ.

నల్లరేగడి
మొత్తం లెక్క చెప్పు బ్రో, ఎంత పోయినయి

ఓరుగల్లు_ఆర్ఎస్
పనికొచ్చింది: బెండు 1,800, బ్యాలెన్సింగ్ 1,200. పనికి రానివి: మూడు బ్యాలెన్సింగ్‌లు, రెండు అలైన్‌మెంట్‌లు కలిపి 5,600. ఇంట్ల రెండో లెక్క ఇంకా చెప్పలే.

చాయ్_బిస్కెట్_506
అన్నా ఆ రాయి ఏమైంది మరి

ఓరుగల్లు_ఆర్ఎస్
మొన్న అటు దిక్కే పోయిన. వడ్లు ఎప్పుడో ఎత్తుకపోయిండ్రు, రాళ్లు నాలుగైదు తెల్ల గీత మీదనే ఉన్నయి. బండి ఆపి దిగి పొలం దిక్కు దొర్లిచ్చి వచ్చిన. ఒకదాని మీద నల్లగ టైరు రాసిన మరక ఉంది, నాదేనా ఇంకొకరిదా ఎర్కలే.